పై గీత

హాస్టల్ గది
జూన్

అక్కా,

ఈ ఉదయం కోల్డ్ రూమ్ తలుపు పిడికి ఎవరో ఉన్ని చేతితొడుగు ఒక్కటే తగిలించి వెళ్లారు. ఎడమ చేతిది. చూపుడు వేలి కొన చిరిగితే వేరే రంగు దారంతో కుట్టారు. అది తొడుక్కుని లోపలికెళ్లి ట్రేలు బయటికి తీశాను. మైక్రోస్కోపు కింద మొదటి రెండు వరసల్లో ఎప్పటిలాగే తెల్లటి మడ్డి. మూడో వరసలో క్రిస్టల్స్.

నీ ప్రొటీనే అక్కా. నువ్వు ల్యాబ్ వదిలి వెళ్తూ నా చేతిలో పెట్టిన ట్యూబులోదే. చిన్న త్రికోణాల్లాగా ఉన్నాయి. అంచులు బ్లేడుతో కోసినట్టున్నాయి.

నేను ఎవరికీ చెప్పకముందే మన ల్యాబ్ వాగుడుకాయ రేడియోకి తెలిసిపోయింది. నా వెనక నిలబడి నా ముఖం చూశాడట. వాడు కారిడార్లో ఒక్క కేక పెట్టేసరికి సార్ ఒక కాలికి చెప్పు లేకుండా వచ్చేశారు. మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, "మీ అక్క ఉండుంటే ఎంత బాగుండేది" అన్నారు. ఆ మాట నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

పెద్దమ్మకి ఫోన్ చేశాను. "ఇన్నేళ్లు మీ ఇద్దరూ మార్చి మార్చి పొదిగారు కదే, పిల్ల ఏది?" అంది. చెప్పాను. బ్యాక్టీరియా ఒంటి చుట్టూ పొర ఉంటుంది, మనం వేసిన మందు లోపలికి పోతే ఈ ప్రొటీన్ దాన్ని బయటికి గెంటేస్తుంది అన్నాను. పొరలో పాతుకున్న భాగం దారి, లోపలి వైపు వేలాడే భాగం ఇంజను, ఇలాంటివి రెండు జతకూడితేనే పని అన్నాను. రెండు ఇంజన్లూ ఒకదాన్నొకటి పట్టుకుని ఏటీపీ అనే ఇంధనాన్ని కాలిస్తే, దారి లోపలి వైపు మూసుకుని బయటి వైపు తెరుచుకుంటుంది. క్రిస్టల్ మీద ఎక్స్‌రే వేస్తే ఈ భాగాలన్నీ ఎక్కడెక్కడున్నాయో తెలుస్తుంది.

"తెలిస్తే?"

"దాని నోరు నొక్కే మందు చెయ్యొచ్చు పెద్దమ్మా."

"నీ నోరు తెరిపించే మందేదైనా ఉంటే అది ముందు చెయ్యమను మీ సార్‌ని" అంది.

నీ పిచ్చుక


కాలేజీ స్టాఫ్ రూమ్
జూన్

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం క్లాసు మధ్యలో తెచ్చిచ్చారు. పిల్లల ముందే చదివేశాను. ముందు బెంచీ పిల్ల "మేడం, ఎవరైనా పోయారా?" అంది. నా కళ్లు అలా ఉన్నాయి మరి. "కాదే, పుట్టారు" అన్నాను.

ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ తప్ప ఏమీ అనవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. శ్రద్ధగా చదువు. నేను చెప్పిన ఆ పరిశోధన కేంద్రం పోస్టుకి ఆగస్టులో ఇంటర్వ్యూ. ఒకటే పోస్టు. పర్మనెంటు. వయసు పరిమితికి నాకు ఇదే ఆఖరి అవకాశం. ఇది తప్పితే ఇక జీవితమంతా ఇలా ఏటేటా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడుతూ, వేరేవాళ్లు కనిపెట్టినవి బోర్డు మీద రాస్తూ బతకాలి. పాఠం చెప్పడం చెడ్డ పనని కాదు. కానీ నా చేతులు చుక్కలు కొలిచే పిపెట్‌ని మర్చిపోలేకపోతున్నాయే. నిన్న చారులో ఉప్పు వేస్తుంటే బొటనవేలు దానంతటదే నొక్కింది. నాకు ఏడుపొచ్చింది.

దరఖాస్తులో రాసేశాను: క్రిస్టల్స్ లభించాయి, నిర్మాణం త్వరలో. సార్‌ని సిఫార్సు ఉత్తరంలో ఆ మాట కాస్త గట్టిగా రాయమను. నువ్వు అడగవు, నాకు తెలుసు. రేడియో చేత అడిగించు.

డాక్టరేట్ వచ్చి నెల కాలేదు, అప్పుడే క్రిస్టల్ కూడా. డాక్టరమ్మా, నీ చెయ్యి మంచిదే.

ఎక్స్‌రేకి ఎప్పుడు వెళ్తున్నారు? తిరుగు టపాలో రాయి.

మీ అక్క


హాస్టల్ గది
జులై

అక్కా,

ఎక్స్‌రే కేంద్రానికి వెళ్లొచ్చాం. దారి పొడుగునా వాన. రేడియో క్రిస్టల్స్ ఉన్న డబ్బాని ఒళ్లో పెట్టుకుని, బస్సు కుదిపినప్పుడల్లా డ్రైవర్‌ని తిట్టాడు. డేటా బాగా వచ్చింది. అక్కడివాళ్లు కూడా మెచ్చుకున్నారు. లెక్కలు నేను చేస్తున్నాను.

సార్ సిఫార్సు ఉత్తరం పంపేశారు. నువ్వు కోరినట్టే రాశారు.

ఇక్కడ వాన తగ్గలేదు. కిటికీ రెక్క ఉబ్బిపోయి మూసుకోవడం లేదు. పుస్తకాలు మంచం మీదికి మార్చాను.

ఒక చిన్న విషయం అడగాలి. మన ప్రొటీన్‌ని బరువుల వారీగా విడదీసే జెల్ మీద నడిపితే రెండు గీతలు వస్తాయి కదా. కింది గీత ఒంటరి ప్రొటీన్‌ది, పై గీత విడిపోని జంటది అని నువ్వు చెప్పావు. పై గీత జంటదే అని ఎలా తేల్చుకున్నావు? దాన్ని విడిగా కోసి, ముక్కలు చేసి చూశావా? తీరిక ఉన్నప్పుడు రాయి.

పిచ్చుక


కాలేజీ స్టాఫ్ రూమ్
జులై

పిచ్చుకా,

నీ ఉత్తరంలో సగం వాన, పావు వంతు కిటికీ. మిగతా పావులో పెద్ద బాంబు పెట్టి "చిన్న విషయం" అన్నావు. కాన్వెంట్లో మార్కులు తక్కువొచ్చినప్పుడు కూడా ఇంతే. ముందు మదర్ గారి కుక్కపిల్ల గురించి చెప్పేదానివి.

జంటదే అని ఎలా తేల్చానంటే, లెక్క సరిపోయింది. ఒంటరి దానికి దాదాపు రెట్టింపు బరువు దగ్గర ఆ గీత ఉంది. పొర ప్రొటీన్లు మొండివి. సబ్బు పోసినా కొన్ని విడిపోవు. మరిగిస్తే ముద్దయిపోతాయి. నీకు తెలియనిదా? కోసి చూడలేదు. అప్పట్లో ఎవరూ చూడలేదు. సార్ కూడా చూసి "జంట" అన్నారు. జంటగా ఉంటేనే పని చేసే ప్రొటీన్ జంటగా కనబడితే అందులో అనుమానం దేనికి?

అసలు సంగతి చెప్పు. అక్షరాలు చిన్నవయ్యాయి. నువ్వు భయపడినప్పుడే అలా రాస్తావు.

అక్క


హాస్టల్ గది
జులై

అక్కా,

భయంగానే ఉంది. చెప్పేస్తాను.

మనది జంట. రెండు దారి భాగాలు, రెండు ఇంజన్లు. ఎక్స్‌రే లెక్కల్లో ఎటు తిప్పినా మూడు వస్తోంది. క్రిస్టల్లో అణువులు సర్దుకునే తీరు వేరుగా ఉండొచ్చు కాబట్టి అదొక్కటే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఆ కొలతలు ఎక్కడో చూసినట్టు అనిపించి పాత రికార్డులు వెతికాను. అచ్చం అవే కొలతలు దొరికాయి. అది మన ప్రొటీన్ కాదు. మనం మన ప్రొటీన్‌ని తయారు చేయించుకోవడానికి పెంచే మామూలు ల్యాబ్ బ్యాక్టీరియా ఉంది కదా, దాని సొంత పంపు.

మిగిలిన క్రిస్టల్స్ కొన్ని కరిగించి జెల్ మీద నడిపాను. పై గీత ఒక్కటే వచ్చింది. కింది గీత లేనే లేదు. పై గీత కోసి, ముక్కలు చేసి, బరువు తూచే మిషన్లో పెట్టించాను. ముక్కలన్నీ ఆ పంపువే.

ఎలా వచ్చిందో కూడా అర్థమైంది. మన ప్రొటీన్‌ని మిగతావాటి నుంచి వేరుచేసే నికెల్ కాలమ్ పట్టుకోవాలని, దాని చివర మనం నికెల్‌కి అతుక్కునే హిస్టిడిన్ తోక తగిలించాం. ఆ పంపుకి ఎవరూ తగిలించకుండానే చివర హిస్టిడిన్లు ఉన్నాయి. నికెల్ దాన్నీ పట్టుకుంది. అది చాలా కొద్దిగానే ఉంటుంది, కానీ మహా తేలికగా క్రిస్టల్ అవుతుందట. మన ప్రొటీన్ మడ్డిగా మిగిలిపోయింది, అది మెరిసింది.

అది అందమైనది అక్కా. మూడు ఒకేలాంటివి కలిసి ఉంటాయి. పొరలో పాతుకున్న భాగం, దాని పైన పెద్ద తల, తలలో గదులు. ఒకటి మందుని లోపలికి రానిస్తుంటే, రెండోది గట్టిగా పట్టుకుంటుంది, మూడోది వదిలేస్తుంది. తర్వాత వంతులు మారతాయి. ఇంజను భాగం ఉండదు. ఏటీపీ అక్కర్లేదు. బయటి నుంచి ప్రోటాన్లు లోపలికి వస్తుంటే ఆ ఊపుతోనే నడుస్తుంది. తెరమీద దాన్ని చూస్తూ కూర్చున్నాను. మనది కాకపోవడమే దాని తప్పు.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. సార్ ఆగస్టులో పెద్ద సభలో దీని గురించే మాట్లాడబోతున్నారు. నీ ఇంటర్వ్యూ కూడా అప్పుడే. రెండు రోజులుగా సార్ గది దాకా వెళ్లి, తలుపు దగ్గర చెప్పుల జత చూసి వెనక్కి వస్తున్నాను.

పిచ్చుక


నా గది
జులై

పిచ్చుకా,

కాలేజీకి సెలవు పెట్టాను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పు పట్టుదామని చదివాను. దొరకలేదు. నీ పనిలో తప్పులు ఎప్పుడు దొరికాయి గనక.

ఒక్క మాట అడుగుతాను. అక్కగా అడుగుతున్నాను. ఇంటర్వ్యూ అయ్యేదాకా సార్‌కి చెప్పకు.

అబద్ధం ఆడమనడం లేదు. నువ్వు నెమ్మదస్తురాలివని అందరికీ తెలుసు. ఇంకోసారి సరిచూస్తున్నాను అను. ఆ మిషన్ వాళ్లు ఫలితం ఆలస్యంగా ఇచ్చారను. ఇన్నేళ్లు మన కళ్లెదుట కూర్చున్న పై గీత ఇంకో రెండు వారాలు కూర్చుంటే ఎవరి ప్రాణం పోతుంది? నాకు పోస్టు వచ్చాక నేనే వచ్చి సార్ ముందు నిలబడతాను. నా ట్యూబు, నా తోక, నా తప్పు అంటాను. ఇప్పుడు అంటే మాత్రం నా చేతిలో ఏముంటుంది? ఆ కమిటీ ముందు ఏం పెట్టను? మడ్డి పెట్టనా?

నీకేం. చిన్నదానివి. నీకు ముందు బోలెడు కాలం ఉంది. నాకు ఈ ఒక్క తలుపే ఉంది, అది కూడా మూసుకుపోతోంది. నిన్ను ఆ ల్యాబ్‌లో చేర్చింది నేను. మొదటి రోజు పిపెట్ పట్టుకోవడం నేర్పింది నేను. ఇంతకు ముందెప్పుడూ ఇది గుర్తు చెయ్యలేదు. ఇప్పుడు చేస్తున్నాను. సిగ్గు లేకుండా చేస్తున్నాను.

జవాబు రాయకపోయినా పరవాలేదు. చెప్పకు, అంతే.

అక్క


హాస్టల్ గది
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం ఈ రోజే అందింది. సార్‌కి నిన్ననే చెప్పేశాను.

ముందే అందినా చెప్పేదాన్నే. ఆ మాట దాచి, ఆలస్యం తపాలాదని నిన్ను అనుకోనివ్వడం నాకు ఇష్టం లేదు.

సార్ తన ప్రసంగం బొమ్మలకి రంగులు వేస్తున్నారు. మన జంటలో ఒకదానికి నీలం, ఒకదానికి నారింజ. నేను కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆయన చదువుతూ ఉన్నారు. ఆఖరి కాగితం తిప్పి, "నీలం బాగుందనుకున్నాను" అన్నారు. అంతే. తర్వాత కంప్యూటర్ మూసేసి, "ఇది ఎవరెవరికి తెలుసు?" అని అడిగారు.

"అక్కకి."

"ఏమంది?"

"తప్పేమైనా ఉందేమో అని వెతికింది సార్. దొరకలేదంది."

నీ ఉత్తరం అప్పటికి నాకు అందలేదు. నువ్వు అలాగే చేస్తావని అన్నాను. ఇప్పుడు చదివితే ఆ మాట నిజంగానే ఉంది. మిగతాది ఆయనకి ఎప్పటికీ చెప్పను.

సభలో మాట్లాడటం లేదని సార్ అప్పుడే రాసి పంపేశారు. రేడియో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాడు. నీ సిఫార్సు గురించి అడిగాను. "ఆ ఉత్తరం వెళ్లిపోయింది. నేను వెనక్కి తెప్పించుకోను. దాని మీద ఇంకోటి రాసి ఆ పిల్ల కాళ్ల కింద నేల లాగెయ్యను. తనకి తెలుసు కదా. ఏం చెప్పాలో తనే చెప్పుకుంటుంది" అన్నారు.

అంటే కమిటీకి ఇప్పటికీ తెలియదు. తెలియడం, తెలియకపోవడం నీ చేతిలోనే ఉంది. నేను వాళ్లకి ఒక్క అక్షరం రాయను.

నీ మీద కోపం లేదు. మొదటి రోజు పిపెట్ నేర్పింది నువ్వే. బుడగ వస్తే ఆ చుక్క పారెయ్యి, వాడకు అని చెప్పింది కూడా నువ్వే.

పిచ్చుక


నా గది
ఆగస్టు

అందింది. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఏమీ రాయకు.


హాస్టల్ గది
ఆగస్టు

అక్కా,

రాయకు అన్నావు. అయినా ఇది నీకు తెలియాలి. ఆ పంపు జన్యువు తీసేసిన బ్యాక్టీరియా పక్క ల్యాబ్ వాళ్ల ఫ్రీజర్లో దొరికింది. నీ ట్యూబులోని జన్యువుని అందులో పెట్టి పెంచాను. పై గీత పూర్తిగా పోయింది. కింది గీత ఉంది. పలచగా ఉంది కానీ శుభ్రంగా ఉంది.

దానికి ఏటీపీ ఇచ్చాను. కాల్చింది. మందు కలిపితే ఇంకా వేగంగా కాల్చింది. ఇంజన్లు బతికే ఉన్నాయి. నువ్వు చేసిన ప్రొటీన్ పనిచేస్తోంది. క్రిస్టల్ మాత్రం లేదు.

లెక్కల కాగితాలు ఇందులోనే పెట్టాను. ఇంటర్వ్యూలో వాడుకుంటావో లేదో నీ ఇష్టం.

పిచ్చుక


నా గది
సెప్టెంబరు

ఒసే పిచ్చుకా,

నాకు ఉద్యోగం రాలేదు. ముందు ఆ మాట అనేస్తే మిగతాది కుదురుగా రాయగలను.

చెప్పకూడదనే వెళ్లాను. దారంతా అదే అనుకుంటూ వెళ్లాను. కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ నెరిసిన జుట్టు కొప్పులోంచి జారుతుంటే పెన్సిల్‌తో బిగించుకుంటోంది. బోర్డు మీద మీ ప్రొటీన్ గియ్యండి అంది. గీశాను. పొరకి రెండు అడ్డగీతలు, దారి భాగాలు రెండు, ఇంజన్లు రెండు.

"బాగుంది. క్రిస్టల్ ఎలా ఉంది?" అంది.

"త్రికోణాలండీ" అన్నాను.

ఆవిడ పెన్సిల్ పీకి చేతిలో పట్టుకుంది. నా బొమ్మకేసి, నాకేసి చూసింది. ఆ చూపు నాకు తెలుసు, నీది కూడా అంతే. ఆవిడ ఆ మాట నమ్మి తల ఊపినా ఊపేదేమో. కానీ చాక్‌పీసు నా చేతిలో ఉంది, బోర్డు మీద రెండు ఉన్నాయి, నోట్లో మూడు ఉంది. "ఆ క్రిస్టల్ మాది కాదండీ" అనేశాను. అంతా చెప్పేశాను. తోక, నికెల్, పై గీత. నువ్వు పంపిన కాగితాలు బల్ల మీద పెట్టాను. పక్కనున్నాయన నవ్వి, "మా కుర్రాళ్లూ ఒకసారి దాన్నే పట్టుకుని ఊరేగారమ్మా" అన్నాడు. ఆ నవ్వుకి నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టెక్కేశాననుకున్నాను.

అప్పుడు ఆవిడ అడిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"పోయిన నెల."

"దరఖాస్తులో అప్పుడే దిద్దలేదేం?"

నా దగ్గరున్న జవాబు ఆ గదిలో చెప్పేది కాదు. "ఇంటర్వ్యూలో చెబుదామని" అన్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. పొడుగ్గా ఏం రాయలేదు, ఒక్క ముక్కే. బయటికొచ్చాక నాకు తెలిసిపోయింది. క్రిస్టల్ లేనందుకు పోలేదు పోస్టు. ఆ ఆగిన రోజులకి పోయింది. వాటిని నీ దగ్గర అడిగాను, నువ్వు ఇవ్వకపోయినా నేనే తీసుకున్నాను.

ఒకటి మాత్రం నన్ను తొలుస్తోంది. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ల జాబితా గుమ్మం పక్కన అంటించారు. ఆఖరి పేరు దగ్గర "రాలేదు" అని రాసి, పేరు మీదంతా సిరా ఒలికిపోయి ఉంది. పేరు కనబడలేదు. ఎవరో అదృష్టవంతులు, ఇంతకన్నా మంచిది దొరికుంటుంది, అనుకున్నాను. అసూయ కూడా పడ్డాను. నా బుద్ధి అలా ఉంది ఆ రోజు.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోను. అలా తీసుకుంటే పోయేవి కావు. కానీ ఇంకోసారి అనను.

కాలేజీలో నా సామాను అలాగే ఉంది. ఈ ఏటి కాంట్రాక్టు కాగితం కూడా వచ్చింది. సంతకం ఇంకా పెట్టలేదు. కింది గీత సంగతి రాయి.

అక్క


హాస్టల్ గది
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజు పనేమీ చెయ్యలేకపోయాను. కాలమ్ కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగాను.

కింది గీత బాగానే ఉంది. పలచన పోలేదు. పొర కొవ్వు కాస్త కలిపి చూస్తే ఎక్కువ రోజులు ముద్ద కట్టకుండా ఉంటోంది. సార్ ఇది చిన్న పేపరుగా రాద్దామన్నారు. క్రిస్టల్ లేకుండా, ఇంజన్లు కాలుస్తున్నాయన్న సంగతి, మనం పడ్డ పొరపాటు, రెండూ. నీ పేరు మొదట. నేను అడగలేదు, ఆయనే అన్నారు. చిత్తుప్రతి మొదటి పేరా నువ్వే రాయాలట. ఆ జెల్ నువ్వు మొదటిసారి నడిపిన రోజు ఏం చూశావో అక్కణ్ణుంచి మొదలుపెట్టమన్నారు.

సంతకం పెట్టు అక్కా. సెలవుల్లో ఇక్కడికి రా. నీ బల్ల మీద రేడియో తన టీ కప్పులు పెట్టుకున్నాడు. తీయించేశాను. "అక్క వస్తే నేనెక్కడ పెట్టుకోను?" అని గొడవ చేశాడు. "నెత్తిన పెట్టుకో" అన్నాను. నేనే అన్నాను. వాడు కప్పు నిజంగానే నెత్తిన పెట్టుకుని కారిడార్ అంతా తిరిగాడు.

పెద్దమ్మ నిన్న ఫోన్లో ఏడ్చింది. నీ ఎదుట ఏడవదు కాబట్టి నా దగ్గర ఏడ్చింది. ఆవిడకి నీ మాటలేవీ చెప్పలేదు.

ఒక సంగతి ఉంది. నువ్వు అంత రాశాక దాచడం తప్పనిపించింది. డాక్టరేట్ రాగానే సార్ నా చేత కూడా ఆ పోస్టుకి దరఖాస్తు పెట్టించారు. నాకూ పిలుపొచ్చింది. పై గీత గురించి నిన్ను అడిగిన రోజు పొద్దునే, రానని వాళ్లకి రాసేశాను.